రెండుంబావు సెకండ్లు: న్యూయార్క్‌లో ఏడో భవనం ఎలా కూలింది?

ప్రతి ఏడాది సెప్టెంబరు వచ్చిందంటే ఆ వీడియో మళ్లీ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు దాన్ని చూపించింది నా పాత విద్యార్థి. నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే ఎదురుపడ్డాడు. ఇంటర్‌లో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్నాడు, తర్వాత సివిల్ డిప్లొమా చేసి ఇప్పుడు సైట్ల మీద పని చూసుకుంటున్నాడు. ఫోన్‌లో ఉన్నది నాలుగైదు సెకండ్ల ముక్క. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లోని నలభై ఏడంతస్తుల ఏడో భవనం ఎటూ ఒరగకుండా, లిఫ్టు దిగినట్టు కిందికి దిగిపోయింది.

"సార్, దీన్ని అసలు విమానమే గుద్దలే. రెండుంబావు సెకండ్లు ఫ్రీఫాల్ అయిందని గవర్నమెంటోళ్లే ఒప్పుకున్నరు. బాంబులు పెట్టకుంటె ఇట్ల ఎట్ల పడ్తది?" అన్నాడు.

ఫ్రీఫాల్ అంటే కింద అడ్డేమీ లేకుండా పడడం. అతను చెప్పిన మూడు మాటల్లో మొదటి రెండూ నిజం. చిక్కంతా రెండో మాట నుంచి మూడో మాటకు దూకిన చోట ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచమంతా నలుగుతున్న ఈ వాదం నిజానికి ఇంటర్ ఫిజిక్స్‌తో చాలా దూరం విప్పుకోవచ్చు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆ రోజు జరిగింది

2001 సెప్టెంబరు 11. హైజాకర్లు నడిపిన రెండు బోయింగ్ 767 విమానాలు న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లను ఢీకొన్నాయి. ఉత్తర టవర్‌ను ఉదయం 8:46కు, దక్షిణ టవర్‌ను 9:03కు. రెండూ 110 అంతస్తులవే. రెండోసారి దెబ్బ తిన్న దక్షిణ టవర్ ముందు కూలింది, 9:59కి. ఉత్తర టవర్ 10:28కి కూలింది. ఒక్క న్యూయార్క్‌లోనే 2,753 మంది చనిపోయారు. వాళ్లలో 343 మంది ఆ నగర అగ్నిమాపక శాఖ వాళ్లు.

ఏడో భవనం ఆ ప్రాంగణంలోనే కొంచెం అవతల ఉండేది. ఉత్తర టవర్ కూలినప్పుడు ఎగిరిపడ్డ శిథిలాలు దీన్ని చీల్చాయి, లోపల మంటలు అంటుకున్నాయి. అదే కూలుడులో వీధి కింది నీటి పైపులు కూడా పగిలాయి. కింది అంతస్తుల స్ప్రింక్లర్లకు నీళ్లు రావాల్సింది ఆ పైపుల నుంచే. ఆర్పే దిక్కు లేక మంటలు దాదాపు ఏడు గంటలు మండాయి. సాయంత్రం 5:20 దాటాక భవనం కూలింది. అందరినీ ముందే ఖాళీ చేయించడంతో అందులో ఎవరూ చనిపోలేదు.

తర్వాత అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ దర్యాప్తు చేసింది. దాన్ని అందరూ 'నిస్ట్' అంటారు. జంట టవర్ల మీద 2005లో, ఏడో భవనం మీద 2008లో నివేదికలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్న వాదమంతా ఈ రెండు నివేదికల చుట్టే.

ఇనుము కరగాల్సిన పని లేదు

అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట: విమాన ఇంధనం మంట 1000 డిగ్రీలు దాటదు, ఉక్కు 1500 డిగ్రీల దగ్గర గానీ కరగదు, కాబట్టి మంటకు కూలిందన్నది అబద్ధం.

రెండు అంకెలూ దాదాపు సరైనవే. కానీ కరిగితేనే కూలుతుందని ఎవరు చెప్పారు? నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం పెద్ద పండుగలా ఉండేది. పట్టాను చక్రం కంటే కాస్త బిగుతుగానే చేస్తారు. నేల మీద పడుకోబెట్టి, చుట్టూ పిడకలు పేర్చి మంట పెడతారు. ఎర్రగా అయ్యేసరికి అది సాగుతుంది. అప్పుడు నలుగురూ పట్టకారులతో లేపి చక్రం మీద కూర్చోబెట్టి, సమ్మెటలతో దిగ్గొట్టి, బిందెలతో నీళ్లు కుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. పట్టా ముడుచుకుని చక్రాన్ని ఎంత గట్టిగా బిగిస్తుందంటే లోపలి ఆకులు కిర్రుమంటాయి.

మనకు కావలసిన రెండు సంగతులూ ఆ పిడకల మంటలోనే ఉన్నాయి. ఒకటి, ఇనుము కరగకుండానే మెత్తబడుతుంది. సమ్మెట దెబ్బకు వంగుతుంది. కట్టడాలకు వాడే ఉక్కు 600 డిగ్రీల దగ్గర తన బలంలో సుమారు సగం పోగొట్టుకుంటుంది. రెండు, ఇనుము వేడికి పెరుగుతుంది, పెరిగేటప్పుడు అడ్డొచ్చినదాన్ని నెట్టేస్తుంది. ఐదడుగుల చక్రం పట్టా చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. ఉక్కు ఒక డిగ్రీకి ప్రతి పది లక్షల భాగాలకు 12 భాగాలు పెరుగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే పట్టా 2.9 సెంటీమీటర్లు పెరగాలి. చక్రం మీదికి జారడానికి ఆ కాస్త చాలు.

ఇంకో సంగతి. ఆ టవర్లలో విమాన ఇంధనం కొద్ది నిమిషాల్లోనే మండిపోయింది. తర్వాత కూలేదాకా మండింది ఆఫీసు సామాను: కాగితాలు, బల్లలు, కుర్చీలు, తివాచీలు. ఇంధనం అగ్గిపుల్ల పని చేసింది, అంతే. మామూలుగా ఉక్కుకు వేడి తగలకుండా ఒక పూత పూస్తారు. విమానాలు దూసుకొచ్చిన తాకిడికి అది చాలాచోట్ల రాలిపోయింది. ఉక్కు మంటకు ఒళ్లు అప్పగించినట్టయింది.

జంట టవర్లు: మోయడం వేరు, మీద పడితే ఆపడం వేరు

టవర్లో దెబ్బ తిన్న చోటికి పై ముక్క చిన్నది, కింది ముక్క పెద్దది. చిన్నది పెద్దదాన్ని ఎలా నలుపుతుంది? న్యూటన్ మూడో సూత్రం ప్రకారం రెండూ సమానంగా దెబ్బ తినాలి కదా? ఇది రెండో వాదన. సూత్రం సరైనదే, దాన్ని వాడిన చోటు తప్పింది. పడుతున్న పై భాగానికి ఎదురు నిలిచింది కింది టవర్ మొత్తం కాదు. ఒక్కో క్షణంలో ఒక్కో అంతస్తు.

సైట్ మీద చూడండి. యాభై కిలోల సిమెంటు బస్తాను నెత్తి మీదికి ఎత్తితే కూలి మనిషి మోసుకుపోతాడు. అదే బస్తాను మొదటి అంతస్తు నుంచి వదిలితే ఎవరూ నెత్తి పెట్టరు. బరువు మారలేదు, వేగం తోడైంది. నిస్ట్ లెక్క ప్రకారం ఆ టవర్లో బాగున్న ఒక అంతస్తు, తన బరువు కాక, నిదానంగా పెడితే మరో 11 అంతస్తుల బరువును ఆపగలదు. ఒక్కసారిగా పడితే ఆరింటినే ఆపగలదు. ఉత్తర టవర్లో దెబ్బ తిన్న చోటికి పైన ఉన్నవి 12 అంతస్తులు, దక్షిణ టవర్లో 29. మొదటి అంతస్తే ఓడిపోయింది. ఓడినది పడే బరువులో కలిసింది. అలా కలుస్తూ పోయింది. రెండోసారి దెబ్బ తిన్న టవర్ ముందు ఎందుకు పడిందో కూడా 29 అనే అంకె చాలావరకు చెప్పేస్తుంది: దెబ్బ కింద తగిలింది, పైన బరువు ఎక్కువ.

ఇలా ఒకచోట మొదలైన దెబ్బ పక్కదానికి, దాని నుంచి ఇంకోదానికి పాకి కట్టడం పడిపోవడాన్ని ఇంజనీర్లు వరుస కూలుడు అంటారు. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. ఆ మూల మొత్తం పేకముక్కల్లా జారిపోయింది. కారణం వంటగదిలో పుట్టింది, ఫలితం భవనం పొడవునా కనపడింది.

ఇక టవర్లు 'పది సెకండ్లలో, ఫ్రీఫాల్‌లో' పడ్డాయనే మాట. 417 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి, గాలి అడ్డు లెక్కించకపోతే, 9.2 సెకండ్లలో నేలను తాకుతుంది. నిస్ట్ ఉత్తర టవర్‌కు 11, దక్షిణ టవర్‌కు 9 సెకండ్లని చెప్పింది. అది భవనం పూర్తిగా కూలడానికి పట్టిన కాలం కాదు, బయటి గోడ పలకల్లో మొదటివి నేలను తాకిన సమయం. ఏ ఫొటో చూసినా ఆ పలకలు భవనం పక్కగా, కూలుతున్న అంచు కంటే బాగా కిందికి పోయి కనపడతాయి. అంటే విడిగా పడేదాని కంటే భవనం వెనకబడి ఉంది. నడుమ స్తంభాల గుంపులో చాలా భాగం కూలుడు మొదలైన 15 నుంచి 25 సెకండ్ల దాకా నిలబడి, ఆ తర్వాతే పడింది.

ఏడో భవనం: 79వ స్తంభం

ఇక్కడ విషయం నిజంగానే కష్టమైంది. మంట ప్రధాన కారణంగా ఎత్తైన ఉక్కు భవనం మొత్తం కూలడం అంతకు ముందు ఎక్కడా నమోదు కాలేదు. నిస్టే ఆ మాట అంది. అనుమానించే వాళ్లను తప్పుపట్టలేం. (తర్వాత 2017లో టెహ్రాన్‌లో 17 అంతస్తుల ప్లాస్కో భవనం మంటల్లో అందరూ చూస్తుండగా కూలింది.)

నిస్ట్ వివరణ మన బండి చక్రం పట్టా లాంటిదే. 13వ అంతస్తు తూర్పు వైపు పొడవాటి దూలాలు వేడికి సాగాయి. సాగి, 79వ స్తంభానికి ఆనుకున్న ప్రధాన దూలాన్ని పక్కకు నెట్టాయి. అది తన సీటు మీంచి, అంటే స్తంభం దగ్గర తాను ఆనే పలక మీంచి జారింది. ఆ అంతస్తు కింది దాని మీద పడి, ఐదో అంతస్తు దాకా వరుసగా పోయాయి. 79వ స్తంభానికి తొమ్మిది అంతస్తుల పొడవున పక్క ఆసరా లేకుండా పోయింది. సన్నటి పొడుగు కట్టెను పైనుంచి నొక్కితే విల్లులా వంగి విరుగుతుంది కదా, అలా అది వంగిపోయింది. దాని వెంట తూర్పు స్తంభాలు, తర్వాత పడమటివి పోయాయి. లోపల గుల్లయ్యాక చివరికి బయటి చట్రం దిగింది. మనం వీడియోలో చూసేది ఆ చివరి అంకం.

రెండుంబావు సెకండ్లు ఏం చెబుతాయి?

ఫ్రీఫాల్ అంటే కింది నుంచి అడ్డేమీ లేకుండా, భూమి ఆకర్షణ ఒక్కటే లాగితే పడే తీరు. వేగం సెకండుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతూ పోతుంది.

2008 ఆగస్టులో నిస్ట్ తన ముసాయిదాలో, భవనం పైభాగంలో 18 అంతస్తులు 5.4 సెకండ్లలో కనుమరుగయ్యాయని, ఫ్రీఫాల్‌కు 3.9 సెకండ్లే చాలు కాబట్టి ఇది ఫ్రీఫాల్ కాదని రాసింది. డేవిడ్ చాండ్లర్ అనే హైస్కూల్ ఫిజిక్స్ టీచర్ వీడియోను ఫ్రేము ఫ్రేముగా కొలిచి, మధ్యలో అచ్చంగా ఫ్రీఫాల్ ఉందని నిలదీశాడు. ఆయన చెప్పింది కరెక్టు. నవంబరులో వచ్చిన తుది నివేదికలో నిస్ట్ దాన్ని చేర్చింది. ఒక బడిపంతులు అంత పెద్ద సంస్థతో లెక్క సరిచేయించడం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆయన తేల్చిన ముగింపుతో ఏకీభవించకపోయినా ఆ కొలతకు దండం పెడతాను.

తుది నివేదికలో పతనం మూడు దశలైంది. మొదటి 1.75 సెకండ్లలో ఉత్తరపు గోడ సుమారు 2.2 మీటర్లే దిగింది. అదే ఫ్రీఫాల్ అయితే ఎంత దిగాలి? కాలాన్ని కాలంతో గుణించి 4.9తో గుణిస్తే 15 మీటర్లు. అంటే కింది స్తంభాలు గట్టిగానే పెనుగులాడుతున్నాయి. తర్వాతి 2.25 సెకండ్లలో 32 మీటర్లు, సుమారు ఎనిమిది అంతస్తులు, ఫ్రీఫాల్‌లో పోయింది. ఆ తర్వాత మళ్లీ అడ్డు తగిలి వేగం పుంజుకోవడం తగ్గింది.

చాండ్లర్, ఆయన వైపు వాళ్లు ఇలా అంటారు: వంగుతున్న స్తంభం కూడా ఎంతో కొంత అడ్డుకుంటుంది. భవనం వెడల్పంతా ఒకేసారి, ఎనిమిది అంతస్తుల మేర అడ్డు సున్నా అయిందంటే ఎవరో స్తంభాలన్నిటినీ ఒకేసారి తీసేసి ఉండాలి. అలాస్కా యూనివర్సిటీ ప్రొఫెసర్ లెరాయ్ హల్సీ బృందం 2020లో ఇచ్చిన నివేదిక కూడా మంట వల్ల కూలలేదని, స్తంభాలన్నీ దాదాపు ఒకేసారి పోయాయని తేల్చింది. దానికి డబ్బు పెట్టింది కూల్చివేత వాదాన్ని నమ్మే ఆర్కిటెక్టుల, ఇంజనీర్ల సంఘం. అది తెలుసుకోవాల్సిన విషయమే, అయితే అంతమాత్రాన లెక్క తప్పని కాదు. లెక్కను లెక్కగానే చూడాలి.

నిస్ట్ వైపు జవాబు: స్తంభం వంగడం మొదలైనప్పుడు అడ్డు ఎక్కువ, పూర్తిగా మడతపడ్డాక దాదాపు ఏమీ ఉండదు. లోపలిదంతా ముందే పోయింది గనక బయటి చట్రం ఒక్కటే కలిసికట్టుగా మడతపడింది. మొదటి 1.75 సెకండ్లు నెమ్మదిగా దిగడానికి, తర్వాత ఒక్కసారిగా వేగం పుంజుకోవడానికి ఇదే కారణం.

ఇది రాయడానికి ముందు ఆ అబ్బాయి వాళ్ల నాన్నతో మాట్లాడాను. పాలమూరు మనిషి. ముంబై, పుణె, హైదరాబాద్‌లలో ముప్పై ఏళ్లు సెంట్రింగ్ మేస్త్రీగా చేశాడు. స్లాబ్ పోస్తుండగా కింది కట్టె జారి సెంట్రింగ్ మొత్తం కూలడం కళ్లారా చూసినవాడు. వీడియో రెండుసార్లు చూసి అన్నాడు: "కట్టె దానంతటదే జారిందా, ఎవలన్న గుంజిండ్రా, పడ్డ స్లాబును జూస్తె ఎట్ల తెలుస్తది సారూ? కట్టె కాడికి పోయి చూడాలె."

నేను చెప్పదలచుకున్నది ఆయన నాకంటే తేలిగ్గా చెప్పేశాడు. ఆ రెండుంబావు సెకండ్లూ కింద అడ్డు లేదని చెబుతాయి. అడ్డు ఎలా పోయిందో చెప్పవు. అది వేరే ఆధారాలతో తేలాలి.

కూల్చివేత అయితే ఇంకేం కనపడాలి?

మన దేశంలోనే కొలబద్ద ఉంది. 2022 ఆగస్టు 28న నోయిడాలో జంట భవనాలను కూల్చడం టీవీల్లో అందరం చూశాం. దానికి 3,700 కిలోల పేలుడు మందు పట్టింది. ముందు గోడలు తీసేశారు, స్తంభాలకు వేల రంధ్రాలు చేశారు, మందు కూరారు, వలలు చుట్టారు. అదంతా నెలల తరబడి, ఖాళీ భవనంలో సాగిన పని. ఏడో భవనంలో రోజూ జనం ఆఫీసులు చేసుకుంటున్నారు.

చప్పుడు సంగతి ఇంకా ముఖ్యం. 79వ స్తంభం ఒక్కదాన్ని కోసేంత మందు పేలినా అర మైలు దూరంలో 130 నుంచి 140 డెసిబెల్స్ మోత వినపడాలని నిస్ట్ లెక్కగట్టింది. కూలిన క్షణంలో చుట్టుపక్కల నడుస్తున్న కెమెరాల్లో అలాంటి మోత లేదు.

చప్పుడు రాకపోవడానికి థర్మైట్ వాడారని ఇంకొందరు అంటారు. అదేం రహస్య పదార్థం కాదు. ఇనుప ఆక్సైడు, అల్యూమినియం పొడుల మిశ్రమం. మన రైలు పట్టాలను అతకడానికి కూడా దాన్ని వాడతారు. మండితే ఉక్కు కరుగుతుంది, నిజమే. కానీ కరిగినది కిందికి కారుతుంది. నిలువు స్తంభాన్ని అడ్డంగా, అదీ పదుల స్తంభాలను ఒకే క్షణంలో కోయించాలంటే ఎలాగో ఆ వాదం ఇప్పటిదాకా చూపలేదు. 2009లో కొందరు శిథిలాల దుమ్ములో థర్మైట్ రేణువులు దొరికాయని వ్యాసం రాశారు. అవి ఉక్కుకు పూసే తుప్పు నిరోధక రంగు పొరలని విమర్శకుల జవాబు.

బీబీసీ ఇరవై నిమిషాలు ముందే 'కూలింది' అని చెప్పేసిందన్నది మరొకటి. చెప్పింది, నిజమే. కానీ భవనం ఒకవైపు ఉబ్బడం చూసి అగ్నిమాపక అధికారులు మధ్యాహ్నమే చుట్టూ జనాన్ని ఖాళీ చేయించారు. కూలబోతోందన్న కబురు అక్కడ అందరి నోటా ఉంది. 'కూలబోతోంది' చేతులు మారి 'కూలింది' కావడం ఎలా జరుగుతుందో మనకు తెలియనిదా?

ఇంకా తెగని చోట్లు

ఇన్ని చెప్పాక నిస్ట్ వైపు లోపాలు దాచడం న్యాయం కాదు. మేస్త్రీ అడిగిన కట్టె, అంటే 79వ స్తంభం ముక్క, పరీక్షకు దొరకలేదు. శిథిలాలను త్వరగా తరలించి తుక్కుకు అమ్మేశారు. అందులో కొంత ఓడల మీద మన దేశానికే వచ్చింది. కంప్యూటర్ నమూనాకు వాడిన కొన్ని వివరాలను ప్రజా భద్రత పేరుతో నిస్ట్ బయట పెట్టలేదు.

ఆ దూలం సీటు సంగతీ ఉంది. సీటు వెడల్పు 11 అంగుళాలని మొదట రాసి, తర్వాత 12 అని సవరించారు. దాంతో దూలం జారాల్సిన దూరం 5.5 నుంచి 6.25 అంగుళాలకు పెరిగింది. మన చక్రం లెక్క ఇక్కడ వేసి చూడండి. ప్రధాన దూలాన్ని నెట్టిన ఒక్కో దూలం పొడవు సుమారు 16 మీటర్లు. 400 డిగ్రీలు వేడెక్కితే 7.7 సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలు పెరుగుతుంది. 600 డిగ్రీలు పెరిగినా నాలుగున్నర, ఐదు అంగుళాలే. సాదా సాగుడు ఒక్కటే 6.25 దాకా రాదు. దూలాలు మెలితిరగడం, బోల్టులు తెగడం, పక్క నేల కదలడం కలిపితేనే అంత దూరం వస్తుంది. అది కాగితం మీద తేలే లెక్క కాదు, కంప్యూటర్ నమూనాలో తేలాలి. ప్రధాన దూలానికి బలం కోసం వెల్డు చేసిన పలకలను ఆ నమూనాలో వదిలేశారని విమర్శకులు పట్టుకున్నారు. ఈ వైఫల్యానికి వాటితో సంబంధం లేదని నిస్ట్ జవాబిచ్చింది. నాకు తోచినంతలో, నిస్ట్ చెప్పిన ఆ ఒక్క దూలం కథలో తప్పు ఉండే వీలుంది. అయితే ఆ తప్పు తేలితే మంట వల్ల మొదలైన కూలుడు మరో దూలం దగ్గర మొదలైందని అర్థం కావచ్చు. బాంబు ఉందని చెప్పడానికి మాత్రం విడిగా బాంబు ఆధారమే కావాలి.

వారం తర్వాత ఆ అబ్బాయి ఇంటికొచ్చాడు. ఈసారి ల్యాప్‌టాప్‌లో పొడుగు వీడియో పెట్టుకుని చూశాం. ఫోన్లలో తిరిగే ముక్కకు ముందు కత్తిరించిన భాగం ఇందులో ఉంది. పైకప్పు మీద తూర్పు చివర ఒక చిన్న కట్టడం కనపడుతుంది. ముందుగా అది నడుమ కుంగి లోపలికి మునిగింది. దాని కింద కిటికీలు పగిలాయి. గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది. అతను చేతి గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టాడు: ఒకటి, రెండు, మూడు... ఏడు అనేసరికి గోడ కదిలింది. వెనక్కి జరిపి మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ ఏడే.

"ఈ ఏడు సెకండ్లు మా గ్రూపుల ఎవ్వరు పెట్టలే సార్" అన్నాడు. అక్కడే కూర్చుని పెట్టాడు.